గోరువెచ్చని నీళ్ళు

“బాడీ ఏడుండాదక్కా?” అని అడిగింది పంకజం, చెప్పులు విప్పుతూ.

“బాడీ అనగూడదమ్మా. ఆమెకి పేరుండాది, కస్తూరవ్వ,” అంది అలివేలుమంగ. “ఎనభై రెండేండ్లు. నా అనేవాళ్ళు లేరు, మనమే. లోపల పడుకోనుండాది, రా.”

చెన్నై చూలైలో నాలుగు వీధులవాళ్ళు కలిసి పెట్టుకున్న సాగనంపు సంఘానికి అలివేలుమంగ పెద్దదిక్కు. ఎవరు పోయినా కడపటి స్నానం నుంచి శ్మశానం దాకా సంఘంవాళ్ళే చూసుకుంటారు. పక్క వీధి పంకజం అందులో చేరతానని వచ్చి వారమైంది. ఇదే తొలి పిలుపు.

వచ్చేటప్పుడు ధైర్యంగానే వచ్చింది గానీ, గడప దాటలేకపోయింది. నాలుగేళ్ళ క్రితం సొంత తల్లి పోయినప్పుడూ ఇలాగే గడప దగ్గర ఆగిపోయింది. ముట్టుకోవాలంటే భయం. ఎవరో పరాయివాళ్ళు వచ్చి అమ్మకు స్నానం చేయించారు. ఆ సిగ్గు పంకజాన్ని ఇప్పటికీ నిద్రపోనివ్వదు. ఈ రోజు కూడా చేతకాకపోతే ఇక ఈ జన్మలో చేతకాదని ఆమెకు తెలుసు.

“సుమ్మా ఊరికే నిలబడొద్దు,” అని అలివేలుమంగ నీళ్ళ చెంబు చేతికిచ్చింది.

చెంబు వెచ్చగా ఉంది. “పోయినోళ్ళకి వేణ్ణీళ్ళెందుకక్కా?”

“ఈమెకి చన్నీళ్ళు పడవు.”

లోపల మంచం మీద కస్తూరవ్వ మెడదాకా గళ్ళ దుప్పటి కప్పుకుని ఉంది. ముఖం ప్రశాంతంగా ఉంది. ఫ్యాను గాలికి దుప్పటి అంచు కదిలితేనే పంకజం ఉలిక్కిపడింది. పక్కనే రేకుల వర్క్‌షాపులో సుత్తి దెబ్బలు ఆగకుండా మోగుతున్నాయి.

“ఈ వీధిలో ఒక ప్రాణం పోతే గూడా ఆపరా?” అంది విసుగ్గా.

“ఆపుతారు. వాళ్ళకింకా చెప్పలేదు,” అంది అలివేలుమంగ. “ముందు పేరు పెట్టి పిలువు. ఏం చెయ్యబోతావో చెప్పు. సరేనా అని అడుగు. అప్పుడు ముట్టుకో.”

“జవాబు రాదు గదక్కా?”

“రాకపోయినా అడగాల. అదే మన సంఘం పద్ధతి.”

పంకజం మంచం మీదికి వంగింది. “కస్తూరవ్వా... నీ చెయ్యి తుడుస్తాను. సరేనా?”

తడిగుడ్డతో ముట్టుకుంది. అనుకున్నంత చల్లగా లేదు. వేణ్ణీళ్ళ వల్ల కాబోలు అనుకుంది. ఒక చెయ్యి అయింది, రెండోదీ అయింది. పాదాల దగ్గరికి వచ్చేసరికి భయం ఎటుపోయిందో తెలియదు. మడమ పగుళ్ళ మీద గుడ్డ మెల్లగా ఆడించింది, నొప్పి పెడుతుందేమో అన్నట్టు. తలకు నూనె రాసి చిక్కులు తీస్తూ ఉంటే అమ్మ జడ గుర్తొచ్చింది. ఇక ఏడుపు ఆగలేదు.

“అవ్వా, మా అమ్మకి నేనిది చెయ్యలేదు. భయపడి బయటే నిలబడిపోయినాను. నువ్వు ఆడికి పోతే మా అమ్మకి చెప్పు... ఇప్పుడు నేర్చుకున్నానని చెప్పు.”

ఒక కన్నీటి చుక్క అవ్వ చెంప మీద పడింది. పంకజం కంగారుగా పైట చెంగుతో అద్ది, వంగి ఆ చెంపను ముద్దు పెట్టుకుంది. నాలుగేళ్ళ బరువు దిగినట్టు ఊపిరి వదిలింది.

అలివేలుమంగ మంచం పక్కన కూర్చుని, సంఘం పద్ధతి ప్రకారం అడిగింది.

“ఏం కస్తూరవ్వా, ఈ పంకజం బాగా చేసిందా?”

“నేను నిజంగా పోయిన రోజున ఈ పిల్లనే పంపించవే,” అంది కస్తూరవ్వ, కళ్ళు తెరవకుండానే.