గోద పేరు

“ఈ రోజు కూడా కుదర్లేదు సార్. జెల్లు చినిగిపోయింది,” అంది నిర్మల, ల్యాబు గుమ్మానికి అడ్డంగా నిలబడి.

ముకుందం మాస్టారు గొడుగు మడిచి గోడకి ఆనించారు. “నిన్న కరెంటు పోయిందంటివి. మొన్న ఐసు దొరకలేదంటివి. ఏమమ్మా, తిరుపతిలో ఐసుకు గూడా కరువొచ్చిందా?” అని నవ్వారు.

నిర్మల ఆయన మొహం చూడకుండా గుమ్మం నుంచి పక్కకి జరిగింది. పరీక్ష మంగళవారం ఉదయానికే అయిపోయింది మరి.

పదమూడేళ్ళ కిందట, 1971లో, కొండదారిలో బండసందు నుంచి ఒక బల్లిని పట్టింది మాస్టారి ఒక్కగానొక్క కూతురు గోద. “నాయనా, దీని గొంతు సూడు, పసుపు పూసుకోనుండాది!” అని గంతులేసింది. ఆ ఏడు వానాకాలంలోనే మెదడువాపు జ్వరం ఆ పదేళ్ళ పిల్లను ఎత్తుకుపోయింది. కొండ కింది మామూలు బల్లికీ దీనికీ సంబంధం లేదని మాస్టారు పొలుసులు లెక్కపెట్టి తేల్చారు. కొత్త జాతి అని, దానికి గోద పేరు పెట్టారు. పత్రికలో అచ్చయింది. ఇంట్లో వినపడని పేరు లోకంలో ఉందన్న ధీమాతో ఇన్నాళ్ళూ బతికారు.

ఈమధ్య ఎవరో అనుమానం లేవదీశారు. రంగూ పొలుసులూ చాలవు, రక్తం చెప్పాలన్నారు. మాస్టారే ఆ పని తన పాత శిష్యురాలు నిర్మలకు అప్పగించారు. బంగాళాదుంప పిండిని గంజిలా కాచి, పళ్ళెంలో జెల్లుగా గడ్డకట్టించి, రెండు బల్లుల రక్తం పక్కపక్కన పెట్టి కరెంటు పారిస్తే ప్రోటీన్లు గీతలుగా ఆగుతాయి. జాతులు వేరైతే గీతలు ఎగుడుదిగుడు. ఒకటే అయితే సరిసమానం. నిర్మల నలభై బల్లులు చూసింది, పదకొండు ప్రోటీన్లు చూసింది. ఒక్క గీత కూడా తప్పలేదు. ఆ పసుపు కొండనీడలో పెరిగినందుకు వచ్చిన రంగు, అంతే. గోద పేరు చెల్లదు.

మంగళవారం ఆమె భోంచేసి వచ్చేసరికి సొరుగులో ఉండాల్సిన భూతద్దం జెల్లు పక్కన ఉంది. టీకి పోయొచ్చిన అటెండరు శాంతయ్యను కేకలేసింది. “నేను ముట్టనే లేదమ్మా!” అని అతను మొత్తుకున్నాడు. అప్పటినుంచీ అబద్ధాలాడటం చేతకాని నిర్మల మాస్టారితో రోజుకొకటి ఆడుతోంది.

మాస్టారు స్టూలు మీద కూలబడ్డారు. “భూతద్దం లేనిదే అక్షరం కనబడదు నాకు. నువ్వే సూసి చెప్పాల. నిజం చెప్పు, గీతలొచ్చినాయా?”

“వచ్చినాయి సార్.”

“యాడ ఆగినాయి?”

నిర్మల జెల్లు వైపు చూసింది. బల్లి ఏం చెబితే అదే రాయాలన్నది ఈయన నేర్పిన మొదటి పాఠం.

“వేర్వేరు చోట్ల సార్. గోద వేరే జాతే.”

“ఇంగొకసారి చెప్పమ్మా.”

“గోద వేరే జాతే సార్.”

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. చెంపల మీదికి నీళ్ళు జారుతుంటే తుడుచుకోలేదు. “అదే మాట కాగితం మీద రాసి సంతకం పెట్టియ్యి,” అన్నారు.

రాసిచ్చింది. పత్రికకు పంపడానికేమో అనుకుంది. ఆయన మాత్రం దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నారు.

“ఇది నాకు. గోద పటం కాడ పెట్టుకుంటా. పత్రికకు నేనే రాసినాను,” అంటూ ఒక కవరు బల్ల మీద పెట్టారు. “బంక అంటించి పోస్టులో వెయ్యి తల్లీ. ఇంక దీన్ని గురించి నువ్వు మనసు కష్టపెట్టుకోవద్దు.”

గొడుగు చప్పుడు వరండా దాటింది. తన అబద్ధం అచ్చులోకి ఎక్కబోతోందన్న భయంతో నిర్మల కవరులోని ఉత్తరం బయటికి లాగింది.

“రెండూ ఒకటే జాతి, గోద పేరు కొట్టివేయగలరు” అని మంగళవారం తేదీతో మాస్టారి చేతిరాత ఉంది.