నాన్న ఇచ్చిన ఎముక

ఒంటిని చదివే బనియన్లు వచ్చాక, నలతగా ఉందా అని ఇళ్లలో ఎవరూ అడగడం లేదు. మా వారి బనియను రోజూ, "ఎడమ పక్కటెముక ఎత్తుగా ఉంది" అనేది. "పుట్టుకతోనే ఉంది తల్లీ, ఇక ఊరుకో" అని ఆయన నవ్వేవారు. ఒకనాడు పక్కటెముకల మాటే ఎత్తొద్దని దాని నోరు మూయించారు. తర్వాత నొప్పి వచ్చినప్పుడూ అది పలకలేదు. ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్లాం. ఆయన దక్కలేదు.

ఈ ఉదయం మా అమ్మాయి మేదిని, బట్టలు ఆరేస్తూ చేత్తో ఎడమ పక్క అదుముకుంది.

"ఊపిరి తీసుకుంటే నొస్తోందా?"

"కొంచెం. నాన్న ఎముకేగా అమ్మా! నా బనియను నోరూ మూయించేశా."

"ఎముక మీ నాన్న ఇచ్చారు. నొప్పి ఇవ్వలేదు. పద ఆసుపత్రికి."

"మొదలెట్టావా పాఠం!"

ఆటోలో తను నా మీదికి ఒరిగింది. ఎత్తైన ఆ ఎముక నా అరచేతికి తగిలింది. అచ్చం ఆయనదే. ఆసుపత్రి వచ్చేదాకా చెయ్యి తీయలేదు.