విచారణకి తోడు

ఎక్స్‌రే ఫిల్ము తిరగేసి చూసి, కుడివైపు పీకాల్సిన పన్ను ఎడమవైపు పీకేశాడు పళ్ళ డాక్టరు. నిక్షేపంలాంటి పన్ను! పేషెంటు ఊరుకుంటాడా? డెంటల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేశాడు. సోమవారమే విచారణ. లైసెన్సు పోయిందంటే ఇన్నేళ్ళ చదువూ పనీ మట్టికొట్టుకుపోయినట్టే.

భార్య ముందు నవ్వుతూ తిరిగేవాడు. బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చేవాడు. చివరికి సిగ్గు చంపుకుని డాక్టర్ల సంఘం సెక్రటరీకి ఫోన్ చేశాడు.

"దానిదేముందండీ! ఇలాంటి కేసులోంచే బయటపడ్డ పెద్దాయన ఒకరున్నారు, మీకు తోడుగా పంపిస్తాను. ఆయన కేసు సంగతి మాత్రం కదపకండి, బాధపడతారు" అన్నాడు సెక్రటరీ.

పెద్దాయన కాఫీ హోటల్లో కలిశాడు. తెల్లజుట్టు, ఇస్త్రీ చొక్కా. కూర్చోగానే, "ఏం జరిగిందో మొత్తం చెప్పు బాబూ" అన్నాడు.

డాక్టరు గుండెలో బరువంతా దించేసుకున్నాడు. పెద్దాయన చెవులప్పగించి విన్నాడు.

"నోటీసుకి జవాబేం రాశావు?"

"తప్పు నాదేనని రాశానండీ. దాస్తే ఇంకా మునుగుతానని."

"అలాగా! మంచి పని చేశావు. మరి నిద్ర పట్టేదా?"

"ఎక్కడండీ! కళ్ళు మూస్తే ఆ పన్నే."

పెద్దాయన అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆయన చెయ్యి వణుకుతోంది. వయసు మీద పడింది పాపం, అనుకున్నాడు డాక్టరు.

"సోమవారం మీరూ వస్తారుగా?"

"రాకుండా ఎలా కుదురుతుంది బాబూ?"

ఆ మాటతో డాక్టరుకి ప్రాణం లేచొచ్చింది. ఈయన గట్టెక్కాడంటే తనూ గట్టెక్కుతాడు. ఇంటికెళ్ళి చాన్నాళ్ళకి కడుపునిండా తిన్నాడు.

సోమవారం కౌన్సిల్ ఆఫీసు వరండాలో ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ముందు లోపలికెళ్ళిన డాక్టరమ్మ చేతుల్లో మొహం దాచుకుని బయటికొచ్చింది. లైసెన్సు పీకేశారట.

"ఈ కమిటీ వచ్చాక ఒక్కరూ బయటపడలేదు" అన్నాడు ప్యూను ఆవలిస్తూ.

డాక్టరు పెద్దాయన వైపు ఇంకాస్త జరిగి కూర్చున్నాడు. ఎవరేమంటేనేం, పక్కన పెద్దాయన ఉన్నాడుగా అని గుండె చిక్కబట్టుకున్నాడు.

ప్యూను తలుపు తీసి కేసు నంబరు పిలిచాడు. అది డాక్టరుది కాదు. పెద్దాయన లేచి, చొక్కా సర్దుకుని, డాక్టరు భుజం పట్టుకున్నాడు.

"పద బాబూ, ఇలాంటి కేసులోంచి బయటపడ్డవాడివని చెప్పేగా సెక్రటరీ నిన్ను నాకు తోడు పంపించాడు!"