పక్కకు తప్పుకున్న గోడ

"చూసుకుని రావే ఉడతా. మళ్ళీ పడ్డావంటే ఎత్తుకెళ్ళడానికి ఇక్కడెవరికీ ఓపిక లేదు," అంది గోడ, బంతి మీంచి చూపు తిప్పకుండా.

"ముందు నీ కాళ్ళు చూసుకో. నేలకి అతుక్కుపోయినట్టున్నాయి," అంది ఉడత, బంతిని నేలకేసి కొడుతూ.

మాటకి మాట పడేసరికి ఉడతకి ప్రాణం లేచొచ్చింది. పాప పుట్టాక ఇదే ఆమెకి మొదటి సీజను. ఇద్దరూ బాస్కెట్‌బాల్ నేర్చుకునే రోజుల్లో హాస్టల్లో ఒకే గదిలో ఉండేవారు. ఇప్పుడు చెరో జట్టుకి ఆడుతున్నారు. సందు దొరికితే చాలు దూరిపోతుందని ఒకరు ఉడత, ఎవరు మీదికొచ్చినా కదలదని ఇంకొకరు గోడ. ఆ పేర్లు ఒకరికొకరు పెట్టుకున్నవే.

గోడ దగ్గర ఒక విద్య ఉంది. బాస్కెట్ ముందు కాళ్ళు పాతుకుని నిలబడుతుంది. దూసుకొచ్చినవాళ్ళు ఆపుకోలేక ఆమెను గుద్దేస్తారు. ఆ దెబ్బ తిని వెల్లకిలా పడుతుంది. రిఫరీ విజిల్ వేస్తాడు. ఫౌలు గుద్దినవాళ్ళదే, వాళ్ళు వేసిన బంతి లెక్కలోకి రాదు. గెలవాల్సిన ఆటల్ని ఉడత అలా ఎన్నిసార్లు పోగొట్టుకుందో. పోయిన ప్రతిసారీ గోడ కింద పడుకునే చెయ్యి చాచేది. "లేపవే, ఈమధ్య బరువు తగ్గాన్లే" అనేది.

ఆ దెబ్బ కోసం ఉడత మొహం వాచిపోయి ఉంది. కాన్పయిన దగ్గర్నుంచీ అందరూ కలిసి ఆమెను గాజుబొమ్మను చేసి కూర్చోబెట్టారు. ప్రాక్టీసులో సొంత జట్టు పిల్లలే తగిలితే పాపమన్నట్టు పక్కకి జరుగుతారు. భర్త నీళ్ళ బకెట్టు ఎత్తనివ్వడు. అత్తగారు మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుంటుంది. మొహమాటపడనిది కోచ్ మేడమ్ ఒక్కతే. "ఈ ఆటలో నీలో పస ఉందో లేదో తేలిపోవాలి. లేదంటే వచ్చే ఏడు నీ చోటు ఇంకొకరికిస్తాను," అని మొహం మీదే చెప్పేసింది.

ఆ మాట ఫోన్‌లో గోడకి చెప్పుకుని ఉడత వెక్కి వెక్కి ఏడ్చింది. అటునుంచి ఏదో చెప్పబోయి మానేసినట్టు వినిపించింది. చివరికి గోడ, "ఆట నాతోనే కదా. ఆ ఏడుపేదో దాచుకో, అక్కడ పనికొస్తుంది," అంది.

ఫోన్ పెట్టేశాక ఉడత నాలిక్కరుచుకుంది. చెప్పకుండా ఉండాల్సింది. గోడ కూడా జాలిపడితే?

ఆట సాగేకొద్దీ ఆ భయం తగ్గింది. గోడ ఆమె చేతిలో బంతిని పిల్లి పాలు తాగినంత చప్పుడు లేకుండా లాగేసుకుంది. గురిచూసి వేసిన బంతుల్ని గాల్లోనే కొట్టి పారేసింది. "మీ పాపని పంపాల్సింది, ఇంతకంటే బాగా ఆడును," అని చెవి దగ్గర గొణిగింది. ఉడతకి నవ్వాగక బంతి జారిపోయింది. కోచ్ మేడమ్ తల పట్టుకుంది. అన్నీ పాత రోజుల్లాగే ఉన్నాయి. గోడ భుజం మాత్రం ఇంకా ఒక్కసారీ తగల్లేదు.

ఆట ముగిసే ఘడియ వచ్చింది. ఉడత జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. బంతి ఆమె చేతికొచ్చింది. ఒకమ్మాయిని ఏమార్చి, ఇంకొకమ్మాయి చంక కింద నుంచి దూరి లోపలికొచ్చేసింది. బాస్కెట్ ముందు గోడ నిలబడి ఉంది. అవే కాళ్ళు, అదే చూపు. ఉడత ఒళ్ళు ఝల్లుమంది. తగిలితే తగలనీ, ఓడితే ఓడనీ అనుకుని ఉన్న వేగమంతా పెట్టి మీదికి దూసుకెళ్ళింది.

గోడ పక్కకు తప్పుకుంది.

ఖాళీలోంచి ఎగిరి వదిలిన బంతి వలలోంచి మెత్తగా జారింది. సైరన్ మోగింది. జట్టంతా మీద పడింది. "నీ చోటెక్కడికీ పోదు," అని కోచ్ మేడమ్ వీపు తట్టింది. పైన గ్యాలరీలో అత్తగారు పాప చేతిని పట్టుకుని ఊపుతోంది. ఉడత నోరు మాత్రం విషం తాగినట్టు చేదుగా ఉంది.

అవతలి జట్టు గది బయట బెంచీ మీద గోడ ఒక్కతే కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంటోంది. లోపల వాళ్ళ కోచ్ అరుస్తున్నాడు.

"నీ ముష్టి నాకక్కర్లేదు," అంది ఉడత.

"ముందు కూర్చో. రొప్పుతున్నావు."

"నువ్వూ మొదలెట్టావా? నాకు మా అత్తగారు చాల్లేదా?"

"మీ అత్తగారైతే అక్కడ కదలకుండా నిలబడేదేమో."

"నవ్వించకు. ఎందుకు తప్పుకున్నావు? నా చోటు పోతుందనేగా? నీకు చెప్పడం నాదే బుద్ధి తక్కువ."

"అందుకు కాదే."

"మరి? నేను విరిగిపోతాననా? ఊళ్ళో అందరూ అలాగే చూస్తున్నారు. నువ్వొక్కదానివైనా మనిషిలా చూసి గట్టిగా అడ్డం నిలబడతావనుకున్నాను. దానికోసం ఎంత ఎదురుచూశానో నీకేం తెలుసు?"

గోడ తన కాళ్ళవంక చూసుకుంది. "నిలబడదామనే నిలబడ్డాను. అవే పక్కకి జరిగిపోయాయి. లోపల మా సార్ అడుగుతున్నదీ అదే."

"అయితే ఈ గెలుపు లెక్కలోకి రాదు. వచ్చే ఆటలో నిలబడు. అప్పుడు తేల్చుకుందాం."

"వచ్చే ఆటకి నేనుండను."

"పారిపోతావా?"

గోడ విప్పిన బూటును పక్కన పెట్టింది. కళ్ళు చెమ్మగిల్లాయి. పెదాల మీద మాత్రం నవ్వు ఆగడం లేదు.

"ఆవేళ ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే నేనూ ఒకటి చెప్పబోయాను. చెబితే నువ్వు నాతో ఆడవు. ఒక్క ఆట, ఎప్పటిలాగే, నీతో ఆడేసి వెళ్దామనుకున్నాను. చివరిదాకా ఆడగలననే అనుకున్నానే."

"ఏం చెప్పబోయావు?"

"నాకు మూడో నెల."