ఏ మోకాలు?

“ముందు మీ పేరు చెప్పండి సార్,” అంది నర్సు, చేతిలోని ప్రశ్నల కాగితం వంక చూస్తూ.

ఆపరేషన్ గదిలో అందరి చూపులూ పెద్ద డాక్టరు మీదకు మళ్ళాయి.

“ముప్పై ఏళ్ళుగా ఈ గదిలో పనిచేస్తున్నాను. నా పేరు నీకు తెలీదా?”

“తెలుసు సార్. కానీ గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ చెప్పాలి. అది రూలు.”

“తాతకు దగ్గులు నేర్పుతున్నావా?”

మత్తు డాక్టరు నవ్వు ఆపుకున్నాడు. ఆపరేషన్‌కు ముందు ఈ ప్రశ్నలు అడిగి తీరాలన్న రూలును కమిటీలో రెండేళ్ళపాటు అడ్డుకున్నది ఈ పెద్ద డాక్టరే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. రూలు వచ్చిన మొదటి వారంలోనే, తనను ప్రశ్నలు అడిగిందని ఈ నర్సును మందుల స్టోరుకు పంపించేశాడు. ఆర్నెల్లు అక్కడ అట్టపెట్టెలు సర్ది, నిన్ననే తిరిగి వచ్చింది. మళ్ళీ ఆయనకు కోపం తెప్పిస్తే ఈసారి ఉద్యోగమే పోతుంది. ఆమెకు భయంగానే ఉంది. అయినా కాగితం దించలేదు.

ఆయన విసుగ్గా పేరు చెప్పాడు.

“ఏం ఆపరేషన్ సార్?”

“మోకాలు.”

“ఏ మోకాలు?”

“కాగితం నీ చేతిలోనే ఉందిగా, చదువుకో!”

“నేను చదవకూడదు సార్. మీరే చెప్పాలి.”

“ఎడమ! ఏడాదిగా దాంతోనే వేగుతున్నాను. దాని సంగతి నాకన్నా ఎవరికి తెలుసు?”

నర్సు మొహం పాలిపోయింది. “ఇందులో కుడి అని ఉంది సార్.”

ఆయన కాగితం లాక్కుని చూశాడు. రాసింది ఆయన శిష్యురాలు.

“ఎదురుగా నిలబడి చూశాను సార్,” అంది ఆ చిన్న డాక్టరమ్మ. “నా కుడిచేతి వైపు ఉందని... కుడి అని రాసేశాను.”

“కింద సంతకం మీదే సార్,” అంది నర్సు మెల్లగా.

ఆయన చదవలేదు. ఎప్పుడూ చదవడు. వందల కాగితాల మీద గీకినట్టే దీని మీదా గీకేశాడు. ఇంకో పది నిమిషాలైతే మంచి మోకాలి మీద కత్తి పడేది. ఆయనకు చెమటలు పట్టాయి.

“మిగతావి కూడా అడుగమ్మా,” అన్నాడు, బింకమంతా దిగిపోయి. “ఒక్కటి కూడా వదలకు.”

ఆమె వదల్లేదు. ఆయన అన్నిటికీ బుద్ధిగా జవాబు చెప్పాడు. చిన్న డాక్టరమ్మ కాగితం దిద్దింది. మత్తు డాక్టరు సిరంజి అందుకున్నాడు.

పెద్ద డాక్టరు తన ఎడమకాలు చాపి ఆపరేషన్ బల్ల మీద పడుకున్నాడు.