ఆరున్నొకటి

పరశురాములు దగ్గర ఉన్నది ఒక ట్రాలీ ఆటో, పార, ఇరవై ఖాళీ బస్తాలు. మిర్యాలగూడ శివారు మురుగునీటి ప్లాంటులో ఎండిన మడ్డిని ఎరువుగా తెల్లారేలోగా త్రిపురారం చేర్చకపోతే రైతుల బేరం పోతుంది.

"రాత్రిపూట గాడ లెక్కవెట్టకు అన్నా," అన్నాడు వాచ్‌మన్ ఐలయ్య.

"లెక్కవెట్టక దానమియ్యాల్నా?"

నింపిన బస్తాలు ఎక్కిస్తూ "లాభం, రెండు, మూడు" అంటుంటే పక్కనున్న ఖాళీ ట్యాంకు ప్రతి మాటనూ తిరిగి పలికింది. ఏడు అంటే ఏడుపు తగులుతుందని, వ్యాపారులందరిలాగే "ఆరున్నొకటి" అన్నాడు.

ట్యాంకు "ఏడు" అంది.

అతని చెయ్యి ఆగింది. మోటారు చప్పుడు కూడా లేదు.

"నువ్వే ఏడువ్! నేనైతే ఏడువ," అని ఎనిమిదోది ఎత్తాడు.

ఇరవై అయ్యాక తాడు బిగిస్తుంటే ట్యాంకు లోపలి నుంచి "ఇరవై ఒకటి" అని వినిపించింది. ట్రాలీలోకి టార్చి వేసి చూశాడు. నిజంగానే తను ఎక్కించని బస్తా ఇంకొకటి ఉంది, మూతి కుట్టి, నీళ్లోడుతూ.

దించలేదు. "ఒక బస్తా లాభం," అంటూ బండి స్టార్ట్ చేశాడు.