లోహం లేని చుక్కలు

“ఈ తలుపు బిగుసుకుంటే మన గతేంటే?” అని గుమ్మంలోనే అడిగాను.

“నీకెప్పుడూ చెడే తోస్తుందమ్మా,” అని నవ్వి, మా అమ్మాయి టెలిస్కోపు గదిలో లైటు ఆర్పేసింది. మనకు దగ్గర్లో ఉన్న బుల్లి గెలాక్సీల్లోని ముసలి నక్షత్రాలను పరిశీలించడం దాని ఉద్యోగం. వాటిలో లోహాలు దాదాపు లేవట.

“ఇనుము లేదా?”

“ఇనుమే కాదు. హైడ్రోజన్, హీలియం తప్ప మిగతావన్నీ మా ఖగోళం వాళ్ళ లెక్కలో లోహాలే, ఆక్సిజన్ కూడా. అదీ లేదు.”

“మరి అక్కడ ఊపిరెలా ఆడుతుందే?”

“పీల్చేవాళ్ళుంటే కదా. కాసేపు నడుం వాల్చు.”

కుర్చీలోనే కునుకు పట్టింది. మెలకువ వచ్చేసరికి పక్క కుర్చీలోంచి దాని ఊపిరి వినిపిస్తోంది. పీల్చడం వినిపిస్తోంది గానీ, ఎంతసేపు విన్నా వదలడం వినిపించలేదు.

“ఒంట్లో బాలేదా తల్లీ?” అన్నాను.

గోడ మీది స్పీకరు పలికింది. “లేచావా అమ్మా? నేను కింద గదిలో ఉన్నా. వెలుతురు పడకూడదు కదా, ఫొటో పూర్తయ్యేదాకా ఆ తలుపు తెరుచుకోదు. కదలకుండా కూర్చో.”

నేను కదల్లేదు. పక్కన మళ్ళీ ఊపిరి పీల్చిన చప్పుడైంది.

“ఎవరు నువ్వు?”

నా చెవి పక్కనే, మా అమ్మాయి గొంతుతోనే జవాబొచ్చింది.

“పీల్చడం వచ్చేసిందమ్మా. తర్వాతేం చెయ్యాలి?”